మిక్సింగ్ బోర్డు చేసిన నేరమేమి?

మన కళాశాల సభామందిరంలోని పాత మిక్సింగ్ బోర్డును తొలగించి దాని స్థానంలో డిజిటల్ బోర్డు కొనవలెనన్న ఆలోచన కమిటీ పెద్దల పరిశీలనలో ఉన్నదని తెలిసినది. కారణం సభకు వచ్చినవారందరూ చెవులారా విన్నదే. మైకు తెరువగానే స్పీకర్ల నుండి గుంయిమని ఒక మోత బయలుదేరుతున్నది. దానికి తోడు ఎడతెగని ఒక బుస. మధ్యమధ్య ఎవరో ఇసుక నములుతున్నట్లు గరగర. వక్త మాట తక్కువ, యంత్రం మాట ఎక్కువ అయినది. ఇట్టి స్థితిలో "పాతదైపోయినది, పారవేయుదము" అనుట సహజమే. కాని ఈ వ్యాసకర్త అభిప్రాయం వేరు. బోర్డు సర్వథా నిర్దోషి అని వాదించుట లేదు. విచారణ జరుపక శిక్ష విధించుట తగదని మాత్రమే మనవి.

ఇది చిన్న విషయమని కొందరు అనవచ్చును. ఉపన్యాసానికైతే కొంత మోత ఉన్నా పని సాగిపోవును. మన కళాశాల రెండు భాషల కళాశాల. ఇక్కడ ముషాయిరా ఉన్నది, కవిసమ్మేళనం ఉన్నది. షాయర్ మొదటి మిస్రా చదివి ఆగుతాడు. సభ దానిని అందుకొని మననం చేసుకొంటుంది. అతడు మళ్ళీ అదే మిస్రా చదివి, మరల ఆగి, అప్పుడు రెండవది విప్పుతాడు. ఆ ఆగుటలో ఉన్న నిరీక్షణే షేర్‌కు ప్రాణం. పద్యం రాగయుక్తంగా చదివే తెలుగు విద్యార్థికి కూడా పాదాంతంలోని ఊపిరి అంతటి విలువైనదే. సరిగా ఆ క్షణంలోనే స్పీకరు గుంయిమంటే కవి ఏమి చేయగలడు? గొంతు పెంచుతాడు. గొంతు పెంచి చదువదగిన కవిత్వం చాల తక్కువ.

బోర్డు పని ఏమిటో ముందు తెలిసికొందము. మనం వాడే సామాన్యమైన డైనమిక్ మైకులో వక్త మాటకు పుట్టే విద్యుత్తు ఒకటి రెండు మిల్లీవోల్టులకు మించదు. దానిని బోర్డు కొన్ని వందల రెట్లు, అవసరమైనచో వెయ్యి రెట్లు పెంచి యాంప్లిఫయర్‌కు అందజేయును. మాటతోపాటు దారిలో ఏది చొరబడినా అదియును అన్ని రెట్లు పెరుగును. తీగలోని పగులు, ప్లగ్గులోని చిలుము, ఫ్యాన్ రెగ్యులేటరు అల్లరి, గోడలోని వైరింగు లోపం - వీటన్నిటినీ దాచక సభలో దండోరా వేసేది బోర్డు. దండోరా వేసినవానినే దొంగ అని పట్టుకొనుట మన అలవాటైనది. ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని తెలుగులో ఒక సామెత. నాట్యం రానివారికి ముంగిలి వంకరగా తోచినదని ఉర్దూలో దానికి జోడు సామెత. రెండూ ఈ సందర్భానికి చక్కగా అతుకుతున్నవి.

పూర్తిగా నిశ్శబ్దమైన యంత్రం లోకంలో లేదు. ఏ నిరోధకంలోనైనను ఉష్ణం వలన ఎలెక్ట్రాన్లు చలించుచుండును. ఆ చలనం నుండి పుట్టే సన్నని సవ్వడిని బెల్ పరిశోధనశాలకు చెందిన జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ సిద్ధాంతీకరించి, 1928లో ప్రకటించిరి. ఆ సూత్రం ప్రకారం లెక్క కట్టినచో 150 ఓముల మైకు నుండి, మనం వినగల 20,000 హెర్ట్‌జుల పరిధిలో, గది ఉష్ణోగ్రత వద్ద పుట్టే సవ్వడి సుమారు 0.22 మైక్రోవోల్టు. భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేసి చూడవలెనని కోరుచున్నాను. వక్త మాట ఒక మిల్లీవోల్టు అనుకొన్నా, ప్రకృతి పెట్టిన ఈ సవ్వడికంటె అది నాలుగు వేల రెట్లకు పైగా పెద్దది. కనుక సభలో వెనుక వరుసకు వినిపించే మోత ప్రకృతిసిద్ధం కాదు. అది మనం చేసినదో, మన యంత్రం చేసినదో కావలెను.

ఇక విచారణ. మొదటి సాక్షి చెవి. సాధారణంగా మూడు జాతుల రొదలు మనకు వినిపించును. లోతుగా, బరువుగా మోగే గుంయి ఒకటి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తి చేయును కనుక ఆ 50 హెర్ట్‌జుల స్వరమే ఇది. తీగలో ఎక్కడో కరెంటు ఛాయ పడుచున్నదని, లేదా ఎర్త్ దారులు రెండైనవని దీని అర్థం. అదే స్వరం ఒక స్థాయి పైన, 100 వద్ద వినిపించినచో యంత్రంలోని పవర్ సప్లయిని అనుమానింపవలెను. ఏలయనగా ఏసీని డీసీగా మార్చునప్పుడు మిగిలిపోయే అల 100 హెర్ట్‌జులది. ఇంకను కరుకుగా, తేనెటీగల తుట్టె కదిపినట్లు జుయ్యిమంటే ఎలెక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లను, లైటు డిమ్మర్లను, నాసిరకం ఎల్‌ఈడీ దీపాలను ఒక్కొక్కటే ఆర్పి చూడవలెను. రెండవ జాతి బుస. మూడవది గరగర, చిటపట. నేడు విద్యార్థి చేతిలోని ఫోనులోనే స్వరపు పౌనఃపున్యాన్ని చూపే ఉచిత సాధనాలున్నవి. 50కీ 100కీ భేదం చెవికి తెలియనివారు దానిని వాడుకొనవచ్చును. అయితే ఫోనును బోర్డు మీద పెట్టవద్దు. పాత 2జీ పద్ధతిలో పనిచేయునపుడు అది సెకనుకు సుమారు 217 సార్లు తళుక్కున ప్రసారం చేసి, టకటకమని స్పీకర్లలో తానే ఒక కొత్త రొద పుట్టించును.

రెండవ సాక్షి ఫేడరు. ఇందుకు ఏ పరికరమూ అక్కరలేదు, పది నిమిషాల ఓపిక చాలును. బోర్డు మీది మాస్టర్ ఫేడరును పూర్తిగా దించుము. మోత తగ్గలేదా? అది మాస్టర్ దాటిన తరువాతనే చేరుచున్నది. బోర్డు చివరి భాగాన్ని, యాంప్లిఫయర్‌ను, వాటి నడుమ ఉన్న కేబులును చూడవలెను. మాస్టర్ దించగానే తగ్గినదా? అప్పుడు మాస్టర్‌ను యథాస్థానంలో ఉంచి ఛానెళ్ళన్నీ దించుము. ఇంకను మోగుచున్నచో దోషం బోర్డు ఉమ్మడి భాగంలో, అనగా ఛానెళ్ళు కలిసే చోట, లేదా పవర్ సప్లయిలో ఉన్నది. ఒక్కొక్క ఛానెలునే ఎత్తుచు పోగా ఒక్కదానిలోనే మోత బయటపడినచో ఆ మైకును, ఆ తీగను పక్క ఛానెలుకు మార్చి చూడుము. రొద తీగతో పాటు వెళ్ళినచో తీగది తప్పు. పాత ఛానెలులోనే నిలిచినచో ఛానెలుది. వైద్యుడు రోగి పొట్ట నొక్కి "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగినట్లే ఇది. ఈ పరీక్ష చేయకుండా స్క్రూడ్రైవరు పట్టుకొన్నవాడిని బోర్డు దగ్గరకు రానీయకూడదని నా నిశ్చితాభిప్రాయం.

బుస విషయంలో యంత్రం కంటె చేతివాటమే ఎక్కువగా దోషి. మన సభలలో ఛానెల్ మీది గెయిన్‌ను భయపడుతూ తక్కువగా పెట్టి, ఆ లోటును యాంప్లిఫయర్ వాల్యూమును చివరిదాకా తిప్పి తీర్చుకొనుట పరిపాటి. మాట బలహీనంగా ఉన్నప్పుడే బోర్డు దాటిపోయినది. ఆ తరువాత యాంప్లిఫయర్ మాటను ఎంత పెంచినదో బోర్డు సవ్వడిని కూడా అంతే పెంచినది. మైకు దగ్గర మాట పుట్టిన చోటనే, మొదటి మెట్టులోనే, వక్రత రానంతవరకు పెంచి, తరువాతి మెట్లు తగ్గించుటయే సరియైన పద్ధతి. అట్లే వాడని ఛానెళ్ళను తెరచి ఉంచుట. ఒక్కొక్క ఛానెలు తన సన్నని సవ్వడిని తెచ్చి ఉమ్మడి కుండలో పోయును. సమానంగా తెరచిన ఛానెళ్ళ సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ సవ్వడి 3 డెసిబెళ్ళు పెరుగును. 16 ఛానెళ్ళు తెరచినచో ఒక్కదానికంటె 12 డెసిబెళ్ళు ఎక్కువ. వేదిక మీద మైకులు రెండు, తెరచిన ఛానెళ్ళు పదహారు - ఈ దృశ్యం మనకు కొత్త కాదు.

గుంయి సంగతి మరింత ఆసక్తికరం. కామారెడ్డిలో ఎప్పుడూ మోగే మన బోర్డునే, అవే మైకులతో, అవే కేబుళ్ళతో, ట్రాలీ ఆటోలో ఎల్లారెడ్డి తీసికొనిపోయి అక్కడి ఒక సభలో వాడిరి. అక్కడ గుంయి లేదు. బుస ఉన్నది, గరగర ఉన్నది, గుంయి మాత్రం మాయమైనది. బోర్డే దోషి అయినచో దోషం దారిలో దిగిపోవునా? భేదం ఒక్కటే. ఎల్లారెడ్డిలో బోర్డునూ యాంప్లిఫయర్‌నూ వేదిక పక్కన ఒకే ప్లగ్గు బోర్డు నుండి నడిపిరి. మన మందిరంలోనైతే యాంప్లిఫయర్ వేదిక దగ్గర ఒక లైను మీద, మిక్సింగ్ బోర్డు హాలు వెనుక గోడకు ఉన్న మరొక లైను మీద ఉన్నవి. రెండు లైన్ల ఎర్త్ తీగలు వేర్వేరు దారులలో పోయి ఎక్కడో కలియుచున్నవి. ఆడియో కేబులు పైతొడుగు ఆ రెంటినీ మరల కలుపుటచేత హాలంత విశాలమైన ఒక ఉంగరం ఏర్పడినది. ఆ ఉంగరంలో తిరిగే 50 హెర్ట్‌జుల విద్యుత్తే మన గుంయి. తిరిగి వచ్చిన పిమ్మట, ఎర్త్ తీగ సరిగా ఉన్న పొడుగాటి ఎక్స్‌టెన్షన్ ఒకటి వేదిక నుండి లాగి బోర్డుకు ఇచ్చి చూడగా కామారెడ్డిలో కూడ మోత అణగిపోయినది. బోర్డు వాడే కరెంటు ఒక పాత బల్బు వాడినంత కూడ లేదు. ఒక్క ఎక్స్‌టెన్షన్ దానికి పుష్కలం.

ఎర్త్ గుంత ఎండిపోయినందువలననే గుంయి వచ్చుచున్నదని ఒక నమ్మకం ప్రచారంలో ఉన్నది. అది పూర్తిగా నిజం కాదు. ఆకాశంలో పోయే విమానానికి భూమితో ఏ తీగా లేదు. అయినను దానిలో ప్రకటనలు శుభ్రంగానే వినిపించును. మోతను నిర్ణయించునది నేల కాదు, రెండు యంత్రాల నడుమ ఉన్న దారి. అట్లని గుంతను మరువరాదు. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో ఎండాకాలం నీరు పోయుచుండుట ప్రాణరక్షణకు అవసరం. మన ప్రాంతపు రాతినేలలో, నలభై డిగ్రీలు దాటే ఎండలలో అది మరింత అవసరం.

ప్రాణరక్షణ అన్నాను కనుక, ఈ వ్యాసంలో ఎవరైనను ఒక్క పేరానే చదువదలచినచో దీనిని చదువవలెనని ప్రార్థన. గుంయిని ఆపుటకు మన పట్టణాలలో ఒక "చిట్కా" ఉన్నది. త్రీ పిన్ ప్లగ్గులోని పెద్ద పిన్నును విరుచుట, లేదా లోపలి ఎర్త్ తీగను కత్తిరించుట. మోత వెంటనే ఆగును. చేసినవాడు నిపుణుడని పేరు పొందును. ఉంగరం తెగినది కనుక మోత ఆగినమాట నిజమే. కాని ఎర్త్ తీగ ఉన్నది మోత కొరకు కాదు. యంత్రం లోపల ఎన్నడైనను కరెంటు తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలినచో, ఆ విద్యుత్తు నేలకు పోయి ఫ్యూజు తెగుటకు ఉన్న దారి అది. దానిని కత్తిరించిన పిమ్మట ఆ విద్యుత్తుకు మిగిలిన దారి కేబులు తొడుగు, దాని చివర లోహపు మైకు, మైకును పట్టుకొన్న మనిషి. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీ నగరంలో లెస్ హార్వీ అను గిటారు వాద్యకారుడు వేదిక మీద ఎర్త్ సరిగా లేని మైకును తాకి, ప్రేక్షకుల కళ్ళయెదుటనే విద్యుద్ఘాతంతో మరణించెను. మన దేశంలో వేదిక మీదికి పాదరక్షలు విడిచి ఎక్కే మర్యాద ఉన్నది. ఖిరాత్ చదివే బాలుడు, ప్రార్థనాగీతం పాడే బాలిక ఒట్టి కాళ్ళతో, అప్పుడే తుడిచిన తడి నేల మీద నిలిచి మైకు పట్టుకొందురు. ఒక్క పిన్ను విరిచి మోత ఆపిన పనితనం అక్కడ ఎంతటి అనర్థానికి దారితీయగలదో కమిటీ పెద్దలు ఊహింపవలెను. రెండు లైన్లు తప్పనిసరియైన చోట ఆడియో దారిలో ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చును. మాట అయస్కాంతక్షేత్రం ద్వారా దాటిపోవును, ఎర్త్ ఉంగరం తెగును, పిన్ను పిన్నుగానే ఉండును. లాప్‌టాప్‌ను బోర్డుకు కలిపినప్పుడు వచ్చే మోతకు కూడ ఇదే మందు. ఛార్జరు ఊడదీయగానే మోత ఆగినచో రోగం అదేనని తెలిసికొనవచ్చును.

బోర్డు తయారుచేసినవారి తప్పు కూడ కొన్ని సందర్భాలలో లేకపోలేదు. క్యానన్ పిన్నులలో మొదటిది కేబులు తొడుగుకు చెందినది. దానిని నేరుగా ఇనుప పెట్టెకు కలుపవలసి ఉండగా, లోపలి సున్నితమైన సర్క్యూటుకు కలిపినందువలన తొడుగులోని చెత్త అంతయు మాటలో కలిసిపోవును. నీల్ మన్సీ అను ఇంజనీరు 1995లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో దీనిని విపులంగా చర్చించి "మొదటి పిన్ను సమస్య" అన్న పేరును ప్రసిద్ధం చేసెను. ఆ సంఘం 2005లో దీనిపై ఒక ప్రమాణాన్నే వెలువరించినది. పాత బోర్డులో ఈ లోపమున్నచో ఒక చిన్న తీగ ముక్క, కొంచెం టంకంతో దిద్దుకొనవచ్చును.

ఇక బోర్డు సొంత రోగాలు. ఎల్లారెడ్డిలో కూడ పోని గరగర ముమ్మాటికీ దానిదే. ఫేడర్లలోను, తిప్పే నాబుల లోపలను ఉన్న కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరును. వర్షాకాలపు తేమకు జాక్కుల లోహం చిలుముపట్టును. తగిన కాంటాక్ట్ క్లీనరు చల్లి నాబును ఇరువైపుల ఇరవై సార్లు తిప్పినచో చాలవరకు పోవును. పట్టీ అరిగిపోయినచో కొత్త నాబు వేయవలసినదే. లోపలి రిబ్బను కనెక్టర్లు ఆటో కుదుపులకు వదులగును. వాటిని తీసి తిరిగి గట్టిగా నొక్కుట కూడ ఒక మరమ్మతే. అన్నిటికంటె ముఖ్యమైనవి పవర్ సప్లయిలోని ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. మన మెకానిక్కులు వీటిని కండెన్సర్లు అందురు. వీటి లోపలి ద్రవం ఏండ్లు గడచినకొద్దీ ఎండిపోవును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో వీటి ఆయుర్దాయం సుమారు సగమగునని ఇంజనీర్ల అంచనా. రేకుల కప్పు కింద, మూసిన బీరువాలో, మే నెల ఎండలో మగ్గిన బోర్డుకు వార్ధక్యం తొందరగా వచ్చుటలో వింత ఏమున్నది? తల ఉబ్బిన కెపాసిటరును చూడగానే గుర్తింపవచ్చును. ఉబ్బకున్నను ఎండినవి ఉండును. నాలుగైదు కెపాసిటర్ల ఖరీదు వార్షికోత్సవపు పూలమాలల ఖరీదును మించదు. కాని ఈ పెట్టెలోనికి 230 వోల్టులు వచ్చును. ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. తెలిసిన మెకానిక్కు లేదా ఉపన్యాసకులు పక్కన లేనిదే విద్యార్థులు మూత తెరువరాదు.

పాతదన్న మాటకే వెనుకాడవలసిన పని లేదు. అమెరికాలోని సౌండ్ సిటీ స్టూడియో 1973లో కొన్న నీవ్ బోర్డును, ఆ స్టూడియో మూతపడిన తరువాత డేవ్ గ్రోల్ అను సంగీతకారుడు కొని తన స్టూడియోలో ప్రతిష్ఠించి, దాని మీద 2013లో ఒక చలనచిత్రమే తీసెను. మన బోర్డు అంతటి వంశంలో పుట్టినది కాదు; దానిపై ఎవరూ చిత్రం తీయబోరు. అయినను రెంటి లోపల ఉన్న సూత్రం ఒక్కటే. విప్పి చూడదగినది, అర్థం చేసికొనదగినది, చిన్న చిన్న భాగాలుగా బాగుచేయదగినది కావుననే ఆ బోర్డు అంతకాలం నిలిచినది. డిజిటల్ బోర్డు మంచిదే. దానిలో సౌకర్యాలు ఎక్కువ. కాని అది కూడ హాలు వెనుక గోడకే తగిలింపబడును, అవే రెండు లైన్లు, అదే ఉంగరం. సాధారణ తీగలతో యాంప్లిఫయర్‌కు కలిపినంతకాలం కొత్త బోర్డు నుండి కూడ అదే పాత గుంయి వినిపించగలదు. అప్పుడు ఎవరిని నిందింతుము?

బోర్డును నిజంగా విడువవలసిన సందర్భం లేకపోలేదు. లోపలి రాగి దారులు తేమకు తినివేయబడినచో, ట్రాన్స్‌ఫార్మరు కాలి దానికి సమానమైనది దొరకనిచో, ఫేడర్లు అరిగి బజారులో మరి లభింపనిచో నేనును దాని పక్షం వహింపను. ఆ నిర్ణయం పరీక్ష తరువాత కావలెను.

కనుక కమిటీ వారికి నా మనవి ఇది. కొత్త బోర్డుకు ఉద్దేశించిన ధనంలో కొంత భాగాన్ని ముందుగా హాలు వైరింగు మీద వెచ్చించుడు. వేదిక నుండి బోర్డుదాకా ఎర్త్‌తో కూడిన ఒకే లైను వేయించి, దానికి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపడే స్విచ్చి ఒకటి పెట్టించుడు. విరిగిన పిన్నులున్న ప్లగ్గులన్నిటినీ ఆ రోజే మార్పించుడు. భౌతికశాస్త్ర శాఖ పర్యవేక్షణలో ఇద్దరు విద్యార్థులకు, వీలైనచో ఒకరు ఉర్దూ మాధ్యమం నుండి, ఒకరు తెలుగు మాధ్యమం నుండి, బోర్డు బాధ్యత అప్పగించుడు. వారు ఒక పుస్తకం పెట్టి, ప్రతి సభకు ముందు ఏ ఛానెలులో ఏ రొద వినిపించినది, ఏది మార్చగా ఏది తగ్గినది వ్రాయుచు పోవలెను. ఒక విద్యాసంవత్సరం అట్లు వ్రాసిన పిమ్మట బోర్డును ఉంచవలెనో మార్చవలెనో ఆ పుస్తకమే చెప్పగలదు. మొదటి పుట మొదటి పంక్తిలో మాత్రం ఆ రోజు ఎర్త్ పిన్నులు చూచినవారి సంతకం ఉండవలెను.